అమెరికాలో న్యూజెర్సీలోని బర్గెన్ కౌంటీలో ఆదివారం ఏం దొరుకుతుంది? మిగతావి ఎందుకు మూస్తారు?

కొత్త_అద్దెఇల్లు:
బర్గెన్ కౌంటీలోని హ్యాకెన్సాక్‌లో ఆదివారం ఇంట్లో దిగితే పరుపు, మిక్సీ, కర్టెన్లు అదే రోజు కొనుక్కోవచ్చా? ఇదే కౌంటీలోని పారామస్ మాల్స్ మూసేస్తారంటున్నారు, వేరే కౌంటీలో ఉన్న ఎడిసన్‌లో మాత్రం తెరిచే ఉంటాయట. ఒకే రాష్ట్రంలో ఈ తేడా ఏంటి? ఆదివారం చర్చి రోజని మతం మీద పుట్టిన చట్టాన్ని కోర్టులు ఎలా ఒప్పుకున్నాయి?

రూట్17:
ఆ మూడూ దొరకవండీ. న్యూజెర్సీ 1959 చట్టం షాపుని కాదు, సరుకుని ఆపుతుంది: బట్టలు, ఫర్నిచర్, ఇంటి అలంకరణ సామాన్లు, గృహోపకరణాలు, కలప, ఇల్లు కట్టే సామగ్రి. అది ఉండాలో వద్దో కౌంటీ ఓటర్లే తేల్చాలి. ఇప్పుడు మిగిలింది బర్గెన్ ఒక్కటే. కిరాణా, మందులు, పెట్రోలు, హోటళ్లు మామూలే. తెరిచున్న పెద్ద షాపులో కూడా బట్టల వరసకి అడ్డంగా తాడు కట్టి ఉంటుంది. పారామస్‌కైతే ఇంతకన్నా గట్టి సొంత రూల్ ఉంది. శనివారమే తెచ్చిపెట్టుకోండి. కుదరకపోతే పసాయిక్ కౌంటీలోని వేన్‌కి వెళ్లండి, అక్కడి విల్లోబ్రూక్ మాల్ ఆదివారం తెరిచే ఉంటుంది.

శనాదివారం:
కారు కోసమైతే ఆదివారం ఎడిసన్ వెళ్లినా దండగే. కార్ల అమ్మకం మీద నిషేధం రాష్ట్రమంతటా ఉంది. టెక్సాస్ పద్ధతి వేరు: డీలర్ శని, ఆదివారాలు వరసగా రెండు రోజులూ అమ్మకూడదు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. అక్కడ లిక్కర్ షాపులకి ఆదివారం సెలవే. కిరాణా షాపుల్లో బీరు, వైన్ మాత్రం 2021 నుంచి ఉదయం 10కే అమ్ముతున్నారు.

పాత_తీర్పులు:
కోర్టు సంగతి. వర్జీనియాలో 1610 నాటి ఆజ్ఞ ప్రకారం ఆదివారం చర్చికి మూడోసారి ఎగ్గొడితే మరణశిక్ష! మతం మూలం కాదని ఎవరూ అనరు. 1961లో మెక్‌గోవన్ కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. మేరీల్యాండ్‌లో ఒక స్టోర్ ఉద్యోగులు ఆదివారం బైండర్, నేలకి పూసే మైనం, స్టేప్లర్, బొమ్మ జలాంతర్గామి అమ్మారని జరిమానా పడింది. పుట్టుక మతమైనా ఇప్పటి ఉద్దేశం అందరికీ ఒకే విశ్రాంతి రోజు, కాబట్టి చెల్లుతుందని చీఫ్ జస్టిస్ వారెన్ రాశారు. జస్టిస్ డగ్లస్ ఒప్పుకోలేదు. మతం ప్రకారం శనివారం మూసే ఫిలడెల్ఫియా యూదు వ్యాపారులు కూడా అదే రోజు ఓడిపోయారు. వాళ్లకి వారంలో రెండు రోజులు గల్లా ఖాళీ. నా దృష్టిలో 'అందరికీ ఒకే విశ్రాంతి రోజు' అన్న వాదన నిలబడనిది ఇక్కడే.

రూట్17:
బర్గెన్ వాళ్లకి ఇప్పుడు మతం కన్నా ట్రాఫిక్ గొడవే ఎక్కువ. న్యూజెర్సీలో బట్టలకి సేల్స్ టాక్స్ లేదు, దాంతో న్యూయార్క్ జనం ఇక్కడి హైవేలు రూట్ 4, 17 మీద వచ్చిపడతారు. 1993లో ఓటు పెడితే చట్టమే గెలిచింది. 2010లో అప్పటి న్యూజెర్సీ గవర్నర్ క్రిస్టీ దాన్ని ఎత్తేయాలని చూసి వెనక్కి తగ్గారు. శాండీ తుఫాను తర్వాత 2012 నవంబరు 11న, ఆ ఒక్క ఆదివారానికి సడలిస్తేనే పారామస్ అభ్యంతరం చెప్పింది. మళ్లీ ఓటు పెట్టించాలంటే 2,500 మంది ఓటర్ల సంతకాలు కావాలి.