‘కర్రీ’ ఎవరి మాట? ఇంగ్లీషువాళ్లదా, తమిళులదా, మనదా?

గోదారిగట్టు:
లండన్‌లో ఉండే మా బావగారు ఒక వాదన పంపారు. 1390 ప్రాంతంలో ఇంగ్లండు రాజు రెండో రిచర్డు వంటవాళ్లు కూర్చిన వంటల పుస్తకం పేరు ‘ఫోర్మ్ ఆఫ్ క్యూరీ’ అట. కాబట్టి పోర్చుగీసు ఓడలు మన తీరానికి రాకముందే ‘కర్రీ’ ఇంగ్లీషులో ఉందంటారు ఆయన. నాకు మింగుడుపడలేదు. మన ‘కూర’ నుంచే ఆ మాట వెళ్లిందని నా నమ్మకం.

పదశోధిని:
మీ బావగారి వాదన చాలా చోట్ల కనిపిస్తుంది కానీ నిలబడదండి. ఆ ‘క్యూరీ’ ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని అర్థం వంటపని. ఏదో ఒక వంటకం పేరు కాదు. 1780లో శామ్యూల్ పెగ్ ఆ పుస్తకాన్ని అచ్చువేయడంతో ఆ పేరు స్థిరపడింది.

అసలు జాడ గోవా వైపు ఉంది. డచ్చి యాత్రికుడు లిన్‌స్ఖోటెన్ గ్రంథం 1598లో ఇంగ్లీషులోకి వచ్చింది. అక్కడి జనం చేపను రసంలో ఉడికించి అన్నం మీద పోసుకుంటారనీ, అది కాస్త పుల్లగా ఉన్నా రుచిగా ఉంటుందనీ, పేరు ‘కారియెల్’ అనీ అందులో ఉంది. మనమైతే చేపల పులుసు అంటాం! పోర్చుగీసులో ఇప్పటికీ ఆ మాట ‘కరిల్’. దాని వెనక ఉన్నది తమిళ, మలయాళాల ‘కఱి’.

గోదారిగట్టు:
ఇంగ్లీషువాళ్లు 1611లోనే మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. అక్కడ రోజూ ‘కూర’ అనే మాట వినే ఉంటారు కదా?

పదశోధిని:
వినే ఉంటారు. అయితే 1598 నాటికే ఆ మాట ఇంగ్లీషు పుస్తకంలో ఉంది, మచిలీపట్నం ఆ తర్వాతిది. పైగా పాత రూపాలన్నీ ‘క’తో మొదలవుతాయి. ‘కూ’ ఉన్న రూపం ఒక్కటి చూపినా నేను మళ్లీ ఆలోచిస్తాను. తెలుగు మీద నాకూ ప్రేమే, అయినా ఆధారం లేని గొప్ప మన భాషకు అక్కర్లేదు.

ఉలవచారు:
మరి కరివేపాకు సంగతి? దాన్నే ఇంగ్లీషులో కర్రీ ఆకు అంటున్నారు. అందులో ‘కరి’ ఉంది కదా?

పదశోధిని:
మంచి ప్రశ్న. ఆ ‘కరి’ వేరు. కరిమబ్బులో ఉన్నదే అది, నలుపు అని. తమిళంలో ‘కరువేప్పిలై’ అని కూడా అంటారు, ‘కరు’ అన్నా నలుపే. వంటకం పేరైన ‘కఱి’లో ఉన్నది బండి ఱ. వాడుకలో మనం ఆ అక్షరాన్ని వదిలేశాం కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తాయి, తమిళులు ఇప్పటికీ వేర్వేరుగా రాస్తారు. ప్రాచీన తమిళ సంగం కవిత్వంలో ‘కఱి’ అంటే మిరియాలు. యవనుల (గ్రీకు, రోమన్ వర్తకుల) ఓడలు బంగారంతో కేరళ తీరంలోని ‘ముసిరి’ అనే రేవుకు వచ్చి కఱితో తిరిగి వెళ్లాయని అకనానూఱు అనే సంగం సంకలనంలో ఒక పద్యం ఉంది. ఆ మిరియపు ఘాటు నుంచే మసాలా వేసి వండినదానికి ఆ పేరు వచ్చిందని నేను అనుకుంటాను.

డాలస్‌వాసి:
పుట్టుక సరే, ఇప్పటి అర్థం మాటేమిటి? ఇక్కడి హోటళ్లలో గోంగూర మాంసమూ కర్రీయే, గుత్తివంకాయా కర్రీయే. అన్నిటికీ ఒకే పేరు పెడితే మన వంటలు ఎవరికి గుర్తుంటాయి? ఆ మాట భారతీయ వంటను చిన్నబుచ్చుతుందని వంటల పుస్తకాల రచయిత్రి మధుర్ జాఫ్రీ 1973లోనే రాశారు. నేనూ ఆమె వైపే.

ఉలవచారు:
నేను కాదు. బ్రిటిష్‌వాళ్ల ద్వారా జపాన్ చేరిన కర్రీ అక్కడ ఇంటింటి భోజనమైంది. ఆ చిక్కటి గోధుమపిండి గ్రేవీని చూసి ఇది తప్పు అని మనం ఎలా అంటాం? మాట ఊరు దాటాక అక్కడివాళ్లదే.

డాలస్‌వాసి:
జపాన్‌వాళ్లు వాళ్ల వంటకానికి పెట్టుకున్న పేరు అది, దానితో నాకు పేచీ లేదు. ఇక్కడ మా వంటకాల పేర్లు తీసేసి దాన్ని అతికిస్తున్నారు, నా అభ్యంతరమంతా దానితోనే. 1747లో ఇంగ్లీషు రచయిత్రి హానా గ్లాస్ తన వంటల పుస్తకంలో ఇచ్చిన కర్రీలో మసాలా అంటే ధనియాలూ మిరియాలే. అప్పటి ఇంగ్లీషు ఇల్లాలికి తెలిసింది అంతే, ఆమెను తప్పుపట్టను. ఇన్నేళ్ల తర్వాత మనవాళ్లే నడిపే హోటలు బోర్డు మీద ‘గుత్తివంకాయ’ అని రాయడానికి అడ్డేమిటి?