అప్‌డేట్: నీటి నివేదికలోని ‘ఫెర్రూజినస్’ అనే మాట గురించి

తిరుపతిలోని మా బోరు నీటి పరీక్ష నివేదికలో కనిపించిన ‘ఫెర్రూజినస్’ అనే మాటకు అర్థమేమిటని ఇంతకు ముందు అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఇనుము కలిగినది, తుప్పు రంగులో ఉన్నది అనే రెండు అర్థాలూ దీనికి ఉన్నాయి. లాటిన్‌లో ఇనుమును ‘ఫెర్రమ్’ అంటారు, రసాయన సంకేతమైన ‘ఎఫ్‌ఈ’ అందులోంచే వచ్చింది; అయితే ఈ మాట మాత్రం తుప్పు అని అర్థమిచ్చే ‘ఫెర్రూగో’ నుంచి పుట్టింది కాబట్టి, రంగు అర్థం ఎక్కడిదో కూడా తేలిపోయింది. తోడినప్పుడు తేటగా ఉన్న నీరు బిందెలో కొంతసేపు నిలిస్తే ఎర్రబారి అడుగున మడ్డి కట్టడానికి కారణం, అందులో కరిగి ఉన్న ఫెర్రస్ రూపంలోని ఇనుము గాలి తగిలి, కరగని ఫెర్రిక్ రూపంలోకి మారడమే. నివేదికలో ‘ఇనుము ఎక్కువ’ అని తెలుగులోనే రాసి ఉంటే ఇంత వెతుకులాట ఉండేది కాదు.