‘మష రింగ్ డమ్ డ డూ’: ఇలాంటి పలుకులను ఏమనాలి?

అమెరికా రాక్ బృందం మెటాలికా పాడిన ‘విస్కీ ఇన్ ద జార్’ మా అబ్బాయి రోజూ పెడతాడు. పల్లవిలో ‘మష రింగ్ డమ్ డ డూ డమ్ డ డా, వాక్ ఫర్ మై డాడీ ఓ’ అని వస్తుంది. ఎంత విన్నా అర్థం చిక్కలేదు. ఇలాంటి పలుకులకు తెలుగులో పేరుందాండీ?

*

పాదపూరణం అనొచ్చు కదా. ‘తు హి చ స్మ హ వై’ అని అమరకోశం చెప్పినవి అలాంటివే.

*

పాదపూరణం అనడానికి నాకు మనసొప్పడం లేదండీ. అది ఛందస్సులో మిగిలిన ఖాళీని పూడ్చేది. ఇక్కడ ‘మష రింగ్’ తీసేస్తే పాటే మిగలదు. వంత అందాం. బుర్రకథలో కథకుడి పక్కనున్న ఇద్దరూ ‘తందాన తాన’ అంటారే, అదే పని ఇది.

మూలం ఐర్లండు జానపదం. కెప్టెన్ ఫారెల్‌ను దోచిన దారిదొంగ, నమ్మిన పిల్ల చేతిలో మోసపోయి దొరికిపోతాడు. డబ్లిన్ బృందం థిన్ లిజ్జీ 1972లో దాన్ని ఎలక్ట్రిక్ గిటారు మీదికి తెచ్చింది. 1998లో మెటాలికా వాళ్ల దారినే పట్టి ఇంకా మోత పెంచింది, 2000లో హార్డ్ రాక్ గ్రామీ కూడా అందుకుంది. ఇన్ని గొంతులు మారేసరికి పిల్ల పేరే మారింది: ఐరిష్ జానపద బృందం డబ్లినర్స్ పాటలో జెన్నీ, థిన్ లిజ్జీ పాటలో మాలీ. వంత మాత్రం పోలేదు.

అందులో ‘మష’ ఉత్త శబ్దం కాదు. ‘అదే అయితే’ అనే ఐరిష్ మాట అరిగి, మన ‘ఔరా’లా మిగిలింది. ‘డాడీ’ సంగతి దీనికి తలకిందులు. డబ్లినర్స్ ‘ఫాల్ ద డాడీ ఓ’ అనేవారు, అది వట్టి ధ్వని. ‘ఫర్ మై డాడీ’ అయ్యేసరికి పాటలోకి నాన్న వచ్చి కూర్చున్నాడు! చెవి ఊరుకోదు, శబ్దం దొరికితే దానికో అర్థం కట్టేస్తుంది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

*

వంత బాగుందండీ. మరి బతుకమ్మ పాటల్లో ‘ఉయ్యాలో’? రాముడి కథ చెప్పినా, ఊరి కథ చెప్పినా అదే వస్తుంది, అక్కడ ఊయలేమీ ఉండదు.

*

అదీ వంతేనండీ. పాదం ఎక్కడ ఆగుతుందో, తామెక్కడ అందుకోవాలో చుట్టూ తిరిగేవాళ్లకు ఆ ‘ఉయ్యాలో’యే చెబుతుంది. మీ వైపు నాట్ల పాటల్లో ఏ వంత వినిపిస్తుందో రాయండి.