పెద్ద రేటింగ్ ఆయన డ్రా అడిగితే ఒప్పేసుకోవాలా?

మా అబ్బాయికి పదకొండేళ్లు, చెస్ ఆడతాడు, ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) క్లాసికల్ రేటింగ్ 1480. మొన్న ఒక ఓపెన్ టోర్నమెంట్‌లో 1850 ఉన్న పెద్దాయనతో పడింది. మావాడివి తెల్ల పావులు. క్వీన్లు పోయి రూక్ ఎండింగ్ (రాజులు, రూక్‌లు అంటే ఏనుగులు, బంట్లు మాత్రమే మిగిలే ఆఖరి దశ) వచ్చింది, మావాడికి ఒక పాన్ (బంటు) ఎక్కువ: ఎ5లో పాన్, దాని వెనక ఎ1లో రూక్, ఆయన రూక్ ఎ6లో అడ్డం కూర్చుంది, అటు కింగ్ సైడ్‌లో (ఆట మొదట్లో రాజు ఉండే సగంలో) చెరి మూడు పాన్లు. ఆయన ఎత్తు వేసి డ్రా అడగ్గానే వీడు చేయి కలిపేశాడు. "1850తో డ్రా అంటే మాటలా నాన్నా" అంటాడు. కోచ్ ఏమో గెలిచే ఆట వదిలేశావన్నారు. మీరేమంటారు?

జవాబు 1
లెక్క చూడండి. రేటింగ్ తేడా 370, ఫిడే టేబుల్ ప్రకారం బాబు నుంచి ఆశించే స్కోరు 0.10 (గెలుపు 1, డ్రా 0.5). పిల్లలకి కె (స్కోరు తేడాని దేంతో గుణిస్తారో ఆ సంఖ్య) 40 కాబట్టి డ్రాకి 16 రేటింగ్ పాయింట్లు వచ్చాయి, గెలిస్తే 36 వచ్చేవి, ఓడితే పోయేది 4 మాత్రమే. టెన్షన్ పడాల్సింది ఆయన, బాబు కాదు.

జవాబు 2
కోచ్ మాటే నా మాట. పాన్ వెనక మన రూక్, ముందు వాళ్ల రూక్ ఉంటే వాళ్ల రూక్ కదల్లేదు, మన పాన్ ముందుకెళ్లే కొద్దీ మన రూక్‌కి చోటు పెరుగుతుంది. 1927 ప్రపంచ చాంపియన్‌షిప్ చివరి గేమ్ (34వది) బాబుతో కలిసి చూడండి. చాంపియన్‌ని సవాలు చేసిన అలెఖైన్‌ది ఇదే ఎ పాన్, వెనక ఇదే రూక్. అప్పటి చాంపియన్ కాపాబ్లాంకా రూక్ అక్కడే ఇరుక్కుపోతే అలెఖైన్ రాజుని కింగ్ సైడ్‌కి నడిపించి అక్కడి పాన్ల మీద పడ్డాడు. ఆ మ్యాచ్‌కి ముందు కాపాబ్లాంకా మీద అలెఖైన్ ఒక్క గేమ్ కూడా గెలవలేదు!

జవాబు 3
గడియారం సంగతి ఎవరూ అడగరేంటి? పిల్లాడికి ఎంత టైమ్ మిగిలింది? 30 సెకన్ల ఇంక్రిమెంట్ (ప్రతి ఎత్తుకీ కలిసే అదనపు టైమ్) ఉంటే డ్రా అడిగాక తొందరేం లేదు, తన టైమ్‌లో ఆలోచించుకోవచ్చు, ఆఫర్ వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. వద్దనుకుంటే ఎత్తు వేసేస్తే చాలు, నోటితో చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లు అడిగితే కాదనకూడదేమో అని మొహమాటపడే పిల్లల్ని చాలామందిని చూశాను, ఇది వాళ్లకి ముందే చెప్పి పంపాలి.

అడిగినవారు
ఇంక్రిమెంట్ ఉంది, పదకొండు నిమిషాలు మిగిలాయి కూడా. ఆదివారం అదే పొజిషన్ పెట్టి నల్లవైపు నేను కూర్చుంటాను, డ్రా కూడా అడుగుతాను.