లో (తగ్గు శ్రుతి) ఫ్లూట్ కొనాలి: బీ ఫ్లాట్‌కి వెళ్ళాలా, డీతోనే ఉండాలా?

లిఫీ గట్టు:
డబ్లిన్‌లో ఉంటాను. హైదరాబాద్‌లో ఏడేళ్ళు బాన్సురి వాయించాను. ఇక్కడికొచ్చాక నాలుగేళ్ళుగా లోహపు మీటలు లేని డీ శ్రుతి చెక్క ఫ్లూట్ మీద రీళ్ళు, జిగ్‌లు అనే ఐరిష్ డాన్స్ పాటలు నేర్చుకుంటున్నాను. మొన్న స్మిత్‌ఫీల్డ్‌లో కాబుల్‌స్టోన్ పబ్‌లో అందరూ కలిసి వాయించుకునే సెషన్‌లో ఒక పెద్దాయన సంచిలోంచి అంతకన్నా తగ్గు శ్రుతి బీ ఫ్లాట్ ఫ్లూట్ తీసి స్లో ఎయిర్ (తాళం లేని నిదానపు పాట) ఒకటి వాయించారు. ఫిడేళ్ళవాళ్ళు, అకార్డియన్ ఆయన, అందరూ వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకుని విన్నారు. ఆ మంద్రం ఇంకా చెవిలోనే ఉంది. నేనూ ఒకటి కొనాలనుకుంటున్నా. బీ ఫ్లాటా, సీనా, ఇంకా కిందికి ‘ఏ’ శ్రుతా? వాయించేవాళ్ళు చెప్పండి.

గోదారి టు గాల్వే:
తమ్ముడూ, ఒళ్ళో పెట్టుకుని విన్నారు అన్నావు చూడు, నా అభ్యంతరమంతా అక్కడే. ఎందుకు పెట్టుకున్నారు? అది వాళ్ళు కలిసే శ్రుతి కాదు కాబట్టి. సెషన్ అంతా డీ, జీ, వాటి చుట్టుపక్కల మైనర్లలో నడుస్తుంది. నీకొచ్చిన వేళ్ళతోనే బీ ఫ్లాట్ మీద వాయిస్తే ప్రతి స్వరం నాలుగు సెమీటోన్లు (అర స్వరాలు) కిందికి దిగుతుంది. నువ్వు ఒక్కడివే మిగులుతావు.

ఇంకో మాట. ఆరు రంధ్రాలూ మూస్తే వచ్చే అడుగు డీ నీకు గట్టిగా, గరగరలాడుతూ మోగుతోందా? రీల్ వేగంలో కూడా? రోస్‌కామన్, స్లైగో, లీట్రిమ్ పక్క ఫ్లూట్ వాయిద్యం డాన్స్ కోసం పెరిగింది. ఊపిరే అక్కడ తాళం. ఆ ఊపు డీ మీద రాకుండా పెద్ద ఫ్లూట్ పట్టుకుంటే అది ఇంకా మెత్తబడుతుంది. నాలుగేళ్ళు తక్కువ, ఇంకో మూడేళ్ళు ఆగు.

ఫ్లాట్ సెట్:
అన్నా, గౌరవంతోనే కాదంటున్నా. డీ ఒక్కటే సంప్రదాయం, మిగతావి కొత్త సోకు అన్నట్టు మాట్లాడకండి. ఇలియన్ పైప్స్‌లో (మోచేత్తో తిత్తి నొక్కి వాయించే ఐరిష్ బ్యాగ్‌పైప్) పాత సెట్లు, అంటే వాయిద్యాలు, సీ, బీ, బీ ఫ్లాట్ లాంటి తగ్గు శ్రుతుల్లోనే ఉండేవి, వాటినే ఫ్లాట్ సెట్లు అంటారు. ఇప్పుడు కాన్సర్ట్ పిచ్ అంటున్న డీ సెట్ 19వ శతాబ్దం చివర్లో ఫిలడెల్ఫియాలో టేలర్ సోదరుల చేతుల్లో రూపు కట్టింది, పెద్ద హాళ్ళలో వినపడాలని. అంటే మీరు పాతది అనుకునే గట్టి శబ్దమే తర్వాత వచ్చింది. ఫ్లాట్ సెట్ పక్కన వాయించాలంటే తగ్గు శ్రుతి ఫ్లూటే కావాలి. జులైలో క్లేర్ కౌంటీ మిల్‌టౌన్ మాల్‌బేలో ఐరిష్ సంగీతం నేర్పే విల్లీ క్లాన్సీ సమ్మర్ స్కూల్ జరుగుతుంది, 1973 నుంచీ ఉంది. అక్కడ రాత్రిపూట ఎవరి వంటింట్లోనో పైపర్ పక్కన బీ ఫ్లాట్ ఫ్లూట్ వినండి, తర్వాత మాట్లాడుకుందాం.

తమ్ముడికి మాత్రం ఒక జాగ్రత్త. తోడు వాయించే పైపర్ సెట్ బీనా, బీ ఫ్లాటా అని ముందే కనుక్కో. ఒక్క సెమీటోన్ తేడా చాలు, ఇద్దరూ కలవరు.

పిల్లనగ్రోవి:
శ్రుతి సంగతి తర్వాత, ముందు నీ చెయ్యి చూసుకో. డీ ఫ్లూట్ అడుగు స్వరం దాదాపు 294 హెర్ట్జ్, బీ ఫ్లాట్‌ది 233. గొట్టం పావు వంతు పైనే పొడవు పెరుగుతుంది, అంటే దాదాపు 15 సెంటీమీటర్లు. రంధ్రాల మధ్య ఎడం కూడా అదే లెక్కన పెరుగుతుంది. చేసేవాళ్ళు రంధ్రాన్ని పైకి జరిపి వేలికి అందించగలరు. కానీ పైకి జరిపితే శ్రుతి నిలవడానికి రంధ్రం చిన్నది చెయ్యాలి, చిన్న రంధ్రంలోంచి స్వరం మూసుకుపోయినట్టు వస్తుంది.

నావి చిన్న చేతులు. నా మొదటి లో ఫ్లూట్ పట్టుకుని చూడకుండా పోస్టులో తెప్పించుకున్నాను. కుడిచేతి ఉంగరపు వేలు ఆరో రంధ్రాన్ని పూర్తిగా మూసేది కాదు. వెంట్రుకంత సందు ఉన్నా అడుగు స్వరం పలకదు, ఉత్త గాలి వస్తుంది. బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. ఆర్నెల్లకి నష్టానికి అమ్మేశాను. చేసినాయన తప్పు లేదు, నేనే కొలవలేదు.

నీకు దగ్గర దారి ఉంది. బాన్సురికి మూడు రంధ్రాలు మూస్తే వచ్చే షడ్జమంతో పేరు పెడతాం, ఐరిష్ ఫ్లూట్‌కి ఆరూ మూస్తే వచ్చే స్వరంతో. కాబట్టి డీ షార్ప్ బాన్సురి మీద ఆరూ మూస్తే వచ్చే మంద్ర పంచమం బీ ఫ్లాటే. ఆ బాన్సురి గంటసేపు నొప్పి లేకుండా వాయించగలిగితే బీ ఫ్లాట్ ఫ్లూట్ నీ చేతికి అందుతుంది. ఐరిష్ ఫ్లూట్ లోపలి గొట్టం కిందికి సన్నబడుతుంది, అందుకని రంధ్రాలు ఇంకాస్త దగ్గరకే వస్తాయి. వేలి కొసలతో కాకుండా మధ్య కణుపుతో మూసే పట్టు నీకు కొత్త కూడా కాదు.

‘ఏ’ ఫ్లూట్ జోలికి మాత్రం వెళ్ళకు. డీ ఫ్లూట్ మీద జీ ఇచ్చే వేళ్ళతో దాని మీద వాయిస్తే డీ పలుకుతుంది, సెషన్‌లో కలవొచ్చు అని ఆశ పెడతారు. కింది భాగం వరకు నిజమే. డీ ఫ్లూట్ మీద పై బీ ఇచ్చే వేళ్ళు ‘ఏ’ మీద పై ఎఫ్ షార్ప్ ఇస్తాయి, హాయిగా వెళ్ళగలిగేది అంతవరకే. డీ రీల్ రెండో భాగం పై ‘ఏ’, బీ దాకా ఎక్కుతుంది. అక్కడ మూడో స్థాయిలో పీకలమీదికి తెచ్చుకోవాలి, లేదా పాటని కిందికి మడవాలి.

లిఫీ గట్టు:
అక్కా, ఇది నాకు తట్టనేలేదు. డీ షార్ప్ బాన్సురి ఇంట్లోనే ఉంది. రాత్రి దాని మీద ఒక రీల్ వాయించా. ఇరవై నిమిషాలకి కుడి మణికట్టు లాగింది. ఎయిర్లు మాత్రం హాయిగా వచ్చాయి.

వడ్రంగి మనవడు:
చెక్క గురించి ఎవరూ చెప్పలేదు. బ్లాక్‌వుడ్ బరువు, నీళ్ళలో మునిగిపోతుంది. ఇంత పొడవు ఫ్లూట్‌లో ఆ బరువంతా ఎడమ చూపుడు వేలి మొదట్లో ఆనుతుంది. మణికట్టు లాగుతోందంటున్నావు కాబట్టి బాక్స్‌వుడ్ చూడు, తేలిక, కాకపోతే వంగే గుణం ఉంది. తల భాగం లోపల లోహపు గొట్టం లేనిదే తీసుకో. మే నెలలో హైదరాబాద్ తీసుకెళ్తే చెక్క ఎండి కుంచించుకుంటుంది, లోపలి లోహం కుంచించుకోదు, నిలువునా చీలుతుంది. మా ఇంట్లో ఒకటి అలాగే పోయింది. బ్లాక్‌వుడ్ కొంటే సైటీస్ (అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) కాగితాల భయం అక్కర్లేదు. 2017లో ఆ జాతికి ఆంక్ష వచ్చింది కానీ పూర్తిగా తయారైన వాయిద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు ఉంది.

గోదారి టు గాల్వే:
ఎయిర్లు హాయిగా వచ్చాయి, రీల్‌కి మణికట్టు లాగింది. నీ చెయ్యే చెప్పేసింది కదా. ఎయిర్ల కోసం కొంటానంటే నేను అడ్డు చెప్పను. రీళ్ళ కోసమైతే ఇప్పటికీ వద్దనే అంటాను.

లిఫీ గట్టు:
ఆ పెద్దాయనతో మాట్లాడాను. శనివారం సెషన్‌కి ముందు అరగంట తన బీ ఫ్లాట్ నా చేతికిస్తానన్నారు. కొలిచే టేపు తీసుకెళ్తున్నా. అన్నా, డీ కూడా సంచిలోనే ఉంటుంది.