గడియారం పెట్టుకుని రాస్తే రచయిత కాడా?

చర్చ మొదలుపెట్టినవారు:
పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథనీ ట్రోలప్ 47 నవలలు రాశాడు. అందులో దాదాపు సగం పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే. తెల్లవారుజామున అయిదున్నరకల్లా బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటల లెక్కన రాసేవాణ్ణని ఆత్మకథలో తనే చెప్పుకున్నాడు. అతను పోయాక 1883లో అచ్చయింది ఆ పుస్తకం. ఇలా కొలిచి రాసింది సాహిత్యమేనా?

మొదటి జవాబు:
కాదనే అంటాను. ఏ పుస్తకానికి ఎంత ముట్టిందో కూడా అందులోనే పట్టిక వేశాడు. మొత్తం 68,939 పౌండ్లు, ఆ పైన షిల్లింగులూ పెన్నీలూ. రాత మీద ప్రేమ ఉన్నవాడు చిల్లరతో సహా లెక్క రాస్తాడా?

రెండో జవాబు:
రాస్తాడండి. ఆ ఇంట్లో రాతే అన్నం పెట్టింది. తండ్రి అప్పులపాలై, 1834లో కుటుంబమంతా బెల్జియంలోని బ్రూజ్‌కి వెళ్లిపోవాల్సి వచ్చింది. అక్కడ కొడుకు హెన్రీ, భర్త ఇద్దరూ మంచాన పడితే, తల్లి ఫ్రాన్సెస్ వాళ్లకు సేవ చేస్తూనే నవలలు రాసి ఇల్లు నడిపింది. ఆమె గదుల్లో మందు సీసాలూ సిరా బుడ్డీ పక్కపక్కనే ఉండేవని ట్రోలప్ గుర్తుచేసుకున్నాడు. అది కళ్లారా చూసినవాడు మూడ్ వచ్చేదాకా ఆగుతాడా?

అతని నవలలన్నీ గొప్పవని నేనూ అనను, కొన్ని సాగదీసినవే. కానీ గడియారం కొలిచింది చేతి వేగాన్నే. మిసెస్ ప్రౌడీ సంగతి చూడండి. అతని నవలల్లో పాత్ర, బిషప్ గారి భార్య, గయ్యాళి. ఓ రోజు ట్రోలప్ లండన్‌లోని ఎథీనియమ్ క్లబ్బులో రాసుకుంటుంటే, పక్కనే ఇద్దరు మతాచార్యులు అతని సీరియల్ చదువుతూ, పాత పాత్రల్నే తిప్పి తిప్పి తెస్తున్నాడని విసుక్కున్నారు. ఆమెనూ తిట్టారు. ఇతను లేచి వెళ్లి, రాసింది నేనేనని చెప్పి, వారం తిరక్కుండా ఆమెను చంపేస్తానన్నాడు. అన్నట్టే చంపాడు. ఆ తర్వాత అప్పుడప్పుడు బాధపడ్డానని, ఇప్పటికీ ఆమె ఆత్మతోనే కాలం గడుపుతున్నానని రాసుకున్నాడు. మాటలు లెక్కపెట్టుకునే కూలివాడికి ఆ బాధ ఎందుకండీ?

మొదటి జవాబు ఇచ్చినవారు:
పట్టిక విషయంలో నా మాట మారదు. కానీ ఈ ప్రౌడీ ఎవరో చూడాలనుంది. ఏది చదవాలి?

రెండో జవాబు ఇచ్చినవారు:
1857లో వచ్చిన ‘బార్చెస్టర్ టవర్స్’తో మొదలుపెట్టండి. బిషప్ ఆమె భర్తే, పెత్తనం మాత్రం ఆవిడది.