అంకుల్ పాయ్ బొమ్మల కథలు: మీ ఇంట్లో ఏవి మిగిలాయి?

అటక మీది పెట్టె
అమ్మ ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీది ట్రంకుపెట్టె దించితే, అడుగున పదకొండు 'అమర చిత్ర కథ' బొమ్మల పుస్తకాలు దొరికాయి. అట్టల మీద అన్నయ్య బాల్‌పెన్నుతో వేసిన నంబర్లు ఇంకా ఉన్నాయి. తెనాలి రామలింగడి పుస్తకానికి మాత్రం పిన్నులు తుప్పు పట్టి నడిమి కాగితం ఊడిపోయింది. అంటే సరిగ్గా మధ్యలో నాలుగు పేజీలు లేవు. మా వాడికి ఎనిమిదేళ్ళు. చదువుతూ చదువుతూ అక్కడ ఆగి "తర్వాత ఏమైందమ్మా?" అన్నాడు. నాకు గుర్తు లేదు. ఇవన్నీ చేసిన, అందరూ అంకుల్ పాయ్ అనే అనంత్ పాయ్ గారి గురించైనా చెబుదామంటే నాకే సగం సగం తెలుసు. మీకు తెలిసినవి, మీ అనుభవాలు రాస్తారా?

రిటైర్డ్ మాస్టారు
అమ్మా, నాకు తెలిసినంత చెబుతాను. ఆయన 1929 సెప్టెంబర్ 17న కర్ణాటకలోని కార్కళలో పుట్టారు. ఊహ తెలియకముందే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నారు. పన్నెండో ఏట బొంబాయి చేరారు. చదివింది కెమికల్ టెక్నాలజీ, మనసంతా పిల్లల పుస్తకాల మీదే. 1954లో 'మానవ్' అని ఒక పిల్లల పత్రిక పెట్టారు కానీ నిలబడలేదు. తర్వాత టైమ్స్ ఆఫ్ ఇండియా వారి పుస్తకాల విభాగంలో చేరి, 1964లో ఇంద్రజాల్ కామిక్స్ మొదలైనప్పుడు ఆ పని చూశారు. అవి అడవిలో ముసుగు వేసుకుని తిరిగే ఫాంటమ్ కథలు.

1967లో ఢిల్లీలో ఒక కొట్టు ముందు నిలబడి టీవీలో పిల్లల క్విజ్ చూశారట. గ్రీకు దేవతల గురించి అడిగితే టకటకా చెప్పిన పిల్లలు, రాముడి తల్లి పేరు అడిగితే నీళ్ళు నమిలారు. ఈ సంగతి ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. ఇండియా బుక్ హౌస్ యజమాని మీర్‌చందానీ గారు ఒప్పుకోవడంతో అమర చిత్ర కథ పట్టాలెక్కింది.

నేను ముప్పై ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పాను. రాయలవారి పాఠానికి ముందు క్లాసులో కృష్ణదేవరాయల బొమ్మల పుస్తకం ఒకటి చేతులు మార్పించేవాణ్ణి. ఆ రోజు వెనక బెంచీ నుంచి కూడా చేతులు లేచేవి. బొమ్మల పుస్తకాలు చదివితే చదువు పాడవుతుందనే రోజులవి. అందుకే 1978లో పాయ్ గారు ఢిల్లీలో బడిచదువులో చిత్రకథల పాత్ర మీద ఒక సదస్సే పెట్టించారు. అది చిన్న సంగతి కాదు.

రెండో బెర్త్
మా ఊళ్ళో అద్దె పుస్తకాల షాపు ఉండేది. కొనే స్తోమత లేదు. అక్కడే బల్ల మీద కూర్చుని చదివితే తక్కువ, ఇంటికి తీసుకెళితే ఎక్కువ. నేనూ మా తమ్ముడూ ఒకే అద్దెకు ఇద్దరం చదివేవాళ్ళం. వాడికి అక్షరాలు సరిగ్గా రావు, నేను మాటల బెలూన్లు పైకి చదువుతుంటే వాడు బొమ్మలు చూసేవాడు. నేను గబగబా పేజీ తిప్పితే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఏనుగు ఇంకా అయిపోలేదు" అనేవాడు. అంత సేపు చూసేవాడు ఒక్క ఏనుగుని!

పెన్సిల్ ముక్క
ఒక్క మాట కలుపుతాను, చాలామంది పొరబడే విషయం. పాయ్ గారు బొమ్మలు గీసినవారు కాదు. ఆయన సంపాదకుడు, కథకుడు. కథ ఎక్కడ మొదలవ్వాలి, ఏ గడిలో ఎన్ని మాటలుండాలి అన్నది చూసేవారు. 'కృష్ణ'కు బొమ్మలు వేసింది రామ్ వాయీర్కర్. 'మీరాబాయి'కి కమలా చంద్రకాంత్ రాస్తే యూసుఫ్ లియెన్ గీశారు. ప్రతాప్ ముళిక్, సి.ఎం. విటంకర్, దిలీప్ కదమ్, సౌరెన్ రాయ్... ఈ పేర్లు కూడా మీ వాడికి చెప్పండి.

నేను బొమ్మలు నేర్చుకున్నది వీటిని చూసే. ట్రేసింగ్ పేపర్ దొరక్క, మామూలు కాగితానికి కొబ్బరినూనె రాసి పుస్తకం మీద పెట్టి దిద్దేవాణ్ణి. నూనె కిందికి దిగి అర్జునుడి రథం మీద పెద్ద మరక పడింది. పుస్తకం మా బాబాయిది. ఆయన తిట్టలేదు. మర్నాడు ఒక స్కెచ్ పెన్ను తెచ్చి చేతిలో పెట్టాడు.

కృష్ణాతీరం
మాస్టారూ, చిన్న చేర్పు. అమర చిత్ర కథలో మొదటి పది నంబర్లు మన కథలు కావు. సిండ్రెల్లా లాంటి పాశ్చాత్య కథలు. బెంగళూరులో ఇండియా బుక్ హౌస్ మనిషి జి.కె. అనంతరాం పూనికతో 1965 ప్రాంతంలో కన్నడంలో వచ్చాయి. అందుకే 'కృష్ణ' పదకొండో నంబరు.

సుప్పాండి నేస్తం
పాయ్ గారి పిల్లల పత్రిక టింకిల్ గురించి ఎవరూ రాయలేదేంటండీ! 1980లో మొదలైంది. మీటింగులో ఉండగా ఫోన్ వస్తే, తర్వాత ఫోన్ చేస్తానని చెప్పడానికి ఆయనతో పనిచేసే సుబ్బారావు గారు 'టింకిల్' అన్న మాట వాడారట. ఆ మాటే పత్రిక పేరైంది.

అందులో నాకు ప్రాణం అమాయకుడైన సుప్పాండి. వాడు ఆఫీసులో కూర్చుని కల్పించినవాడు కాదు, తిరుచ్చి నుంచి ఒక పాఠకుడు రాసి పంపిన తమిళ జానపద కథల్లోంచి వచ్చాడు. 1983లో అచ్చయ్యాడు. గీసింది వాయీర్కర్ గారే. ఆయన పోయాక వాళ్ళ అమ్మాయి అర్చనా అంబేర్కర్ ఆ బొమ్మని కొనసాగించారు. అందులోనే ఇంకో పాత్ర, వేటగాడు శికారి శంభు టోపీ కింద కళ్ళు ఎలా ఉంటాయో నాకింతవరకూ తెలియదు. వసంత్ హల్బే గారు ఎప్పుడూ చూపించలేదు, తర్వాత వేసిన సావియో మస్కరెన్హస్ గారూ చూపించలేదు.

ఆ పత్రికలో పిల్లలు పంపిన కథలు వాళ్ళ పేర్లతోనే వేసేవారు. అది చూసి నేనూ ఒకటి రాశాను. నక్కా, బావీ, చందమామా. అమ్మ మూడుసార్లు తిరగరాయించింది. ఆరు నెలలు పోస్ట్‌మాన్ కోసం వీధి అరుగు మీద కూర్చున్నాను. అచ్చు కాలేదు. కానీ ఆ మూడో ప్రతి అమ్మ దాచింది, నా పెళ్ళి ఫోటోల పక్కన ఇప్పటికీ ఉంది. పెద్దవాళ్ళు నడిపే పత్రికలో నా పేరుకూ చోటుంటుందని ఒక పల్లెటూరి పిల్ల నమ్మింది. ఆ నమ్మకం ఇచ్చింది అంకుల్ పాయ్.

మూడో వరుస
నాకూ ఇష్టమే, కానీ ఒక విషయం బాధ పెడుతుంది. మా అమ్మాయి నలుపు. మొన్న చదువుతూ "అమ్మా, రాక్షసులందరూ నాలాగే ఎందుకున్నారు?" అంది. ఏం చెప్పాలో తోచక వంటింట్లోకి వెళ్ళిపోయాను. రాజులు, సాధువులు, పతివ్రతలు చాలామంది ఉన్నారు, పొలంలో పని చేసేవాళ్ళు తక్కువ. దాని గురించి కూడా మాట్లాడుకోవాలి కదా.

రిటైర్డ్ మాస్టారు
తప్పకుండా మాట్లాడుకోవాలమ్మా. ఇది పండితులు కూడా రాసిన విమర్శే, నేను కాదనను. 1979లోనే వాళ్ళు బాబాసాహెబ్ అంబేద్కర్ మీద పుస్తకం వేశారు, మీ అమ్మాయి చేత అది చదివించండి. అందులో చిన్నప్పుడు బళ్ళో ఆయన పడ్డ అవమానాలు ఉన్నాయి. రాక్షసుల రంగు గురించి అడిగినప్పుడు మాత్రం వంటింట్లోకి వెళ్ళకండి. గీసినవాళ్ళు తప్పు చేశారని చెప్పండి. కృష్ణుడూ ద్రౌపదీ నల్లనివాళ్ళేనని మన పురాణాలే చెబుతున్నాయి, అదీ చెప్పండి.

మూడో వరుస
చెబుతాను మాస్టారూ. ఈ రాత్రికే.

కృష్ణాతీరం
చివరి రోజుల సంగతి. 2011 ఫిబ్రవరిలో ఢిల్లీలో మన దేశపు మొదటి కామిక్ కాన్, అంటే బొమ్మల కథల పండగ, జరిగింది, అందులో ఆయనకు జీవిత సాఫల్య పురస్కారం. వారం తిరక్కుండానే, ఫిబ్రవరి 24న ముంబయిలో కన్నుమూశారు. 81 ఏళ్ళు. ఆయనకూ లలిత గారికీ పిల్లలు లేరు. నేను ఆ రోజు ఆఫీసులో ఉన్నాను. వార్త చూసి పక్క సీటు ఆయనకు చెబితే, నలభై ఐదేళ్ళ మనిషి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇద్దరం కాసేపు ఏ పనీ చెయ్యలేదు.

అటక మీది పెట్టె
అందరికీ దణ్ణాలు. నిన్న రాత్రి మా వాడికి ఇవన్నీ చదివి వినిపించాను. సుప్పాండిని పంపిన పాఠకుడి సంగతి విని వెంటనే నోటుపుస్తకం తెచ్చుకున్నాడు. కానీ మళ్ళీ పడుకునేముందు అదే ప్రశ్న, ఆ నాలుగు పేజీల్లో ఏముందని. ఎవరి దగ్గరైనా రామలింగడు పూర్తిగా ఉన్నాడా?

రెండో బెర్త్
నా దగ్గర ఉంది. షాపు మూసేసినప్పుడు ఓనరు గారు మా తమ్ముడికి ఇచ్చారు. తమ్ముడు వచ్చాక రెండు అంచులూ పట్టుకుంటే, నేను నడిమి పేజీలు ఫోటో తీస్తాను. బైండింగ్ విరగకూడదు కదా. ఆదివారం సాయంత్రం లోపు పంపుతాను, బాబుకి చెప్పండి.